నలభై చౌక డబ్బాలు, రెండు దసరాలు

జనగామ నుంచి భూపాలపల్లి దాకా నెట్‌వర్కు పని చేసినవాళ్ళలో నా అంత చౌకగా స్విచ్చులు కొన్నవాడు లేడు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. ఎనిమిది రంధ్రాల డబ్బా ఒక్కొక్కటి తొమ్మిది వందలని చెప్పాడు సికింద్రాబాదు దుకాణదారు. నలభై కావాలన్నాను. ఎనిమిది వందల యాభై అన్నాడు. చేతిలోని డబ్బాను బల్ల మీద పెట్టి, ఎదురు దుకాణం వైపు ఒకసారి చూసి, చెప్పుల్లో కాళ్ళు దూర్చాను. ఏడు వందలన్నాడు. మెట్లు దిగడం మొదలుపెట్టాను. మూడో మెట్టు మీద ఉండగా వెనక నుంచి "సేటు, జర ఆగు" అన్నాడు. ఆరు వందల యాభైకి తెగింది. నాలుగో మెట్టు కూడా దిగి ఉంటే ఇంకో పాతిక తగ్గేదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ ఏడాది సభలో మా పాలనాధికారి సుభాషిణి మేడం నాకు శాలువా కప్పారు. సంస్థ డబ్బు ఆదా చేసినందుకట. నేను తల వంచి కప్పించుకున్నాను. ఏడాది తిరగకముందే ఆ నలభైలో ఒక్క డబ్బా ఒక దవాఖాన మొత్తాన్ని మూడు గంటలు ఆపింది.

ఆ మూడు గంటలు నాకు నేర్పింది ఇరవై రెండేళ్ళ ఉద్యోగం నేర్పలేదు. కనుక ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ళు పక్కన పెట్టి, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఆ ఒక్క సంగతే రాస్తున్నాను.

హమాలీ, గుమాస్తా

మా నాయినది జనగామలో కిరాణా, హోల్‌సేలు. నేను నడక నేర్చింది బియ్యం బస్తాల మధ్య. దుకాణం తమ్ముడికి వచ్చింది, నాకు తీగలు వచ్చాయి. మూడు ఊళ్ళలో వైద్యశాలలు నడిపే ఒక ట్రస్టులో చేరాను. జనగామలో ముఖ్య కార్యాలయం, మహబూబాబాదులో పెద్ద దవాఖాన, భూపాలపల్లిలో చిన్న క్లినిక్కు. ట్రస్టు పేరు రాయను. తప్పు నాది కాబట్టి వాళ్ళ పేరు అక్కర్లేదు.

స్విచ్చు అంటే కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె. అందులో రెండు రకాలు. మేనేజ్డ్ స్విచ్చు మా దుకాణంలో గుమాస్తా లాంటిది. ఎవరిని లోపలికి రానివ్వాలి, ఏ మూట ఎటు పోవాలి, గొడవ జరిగితే ఏ తలుపు వేయాలి, అన్నీ దానికి చెప్పి ఉంచవచ్చు. అడిగితే జవాబూ ఇస్తుంది. అన్‌మేనేజ్డ్ స్విచ్చు, అంటే నేను కొన్న చౌక డబ్బా, హమాలీ లాంటిది. మూట ఎత్తితే మోస్తుంది. ఎవరిదని అడగదు, ఎందుకని అడగదు. దానికి చెప్పడానికి మాట లేదు, అది చెప్పడానికి నోరు లేదు. హమాలీ లేనిదే దుకాణం ఒక్క పూట నడవదు. కానీ గుమాస్తా చూసుకోవలసిన పని హమాలీ మీద పడేసి, తేడా వస్తే హమాలీని తిట్టడం యజమాని తెలివితక్కువతనం. ఈ మాట మా నాయిన నాకు చాలాసార్లు చెప్పాడు. నేను చాలాసార్లు విన్నాను. విని ఊరుకున్నాను.

మా గదుల్లో గోడకు ఒక్కొక్కటే పాయింటు ఉండేది, గదికి నాలుగైదు యంత్రాలు ఉండేవి. గోడలు తొలిచి కొత్త తీగలు లాగడం సరైన పని. దానికి సమయం పడుతుంది, దుమ్ము లేస్తుంది, డాక్టర్లు కసురుతారు. బల్ల మీద ఒక డబ్బా పెట్టి గోడ తీగ ఒకటి అందులో గుచ్చితే రెండు నిమిషాల్లో అయిదు యంత్రాలు నడుస్తాయి. నేను రెండు నిమిషాల దారి పట్టాను. అందరూ మెచ్చుకున్నారు.

డబ్బాలు కొనడం నా అసలు తప్పు కాదని ఇప్పుడు తెలుసు. అవసరానికి ఎవరైనా కొంటారు. గుమాస్తాకు ఒక్క మాటా చెప్పకుండా నలభై మంది హమాలీలను లోపలికి పంపడం అసలు తప్పు. స్విచ్చుల గదిలోని పెద్ద స్విచ్చులు గుమాస్తా రకమే, వాటిలో కాపలా ఏర్పాట్లన్నీ ఉన్నాయి. పెట్టెలోంచి తీసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే వదిలేశాను.

మహర్నవమి నాడు

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. దసరాకు ముందు దుకాణం దులిపి, డబ్బాలన్నీ కడిగి ఆరబెట్టి మళ్ళీ సర్దుతాం. ఆ రోజు ఏ డబ్బా ఖాళీగా ఉండకూడదు. సరుకు లేకపోతే గుప్పెడు బియ్యమైనా వెయ్యాలి. ఖాళీ డబ్బా చూస్తే లక్ష్మి అలుగుతుందని మా నాయిన నమ్మకం. ఖాళీ డబ్బా చూస్తే గిరాకీ పక్క దుకాణానికి పోతుందని మా బాబాయి లెక్క. నాకు రెండూ ఒంటబట్టాయి.

ఆ మహర్నవమి మధ్యాహ్నం నేను మహబూబాబాదులో ఉన్నాను. ఆయుధ పూజ కదా, దవాఖానలో కంప్యూటర్లకు బొట్లు పెడతారు. రిజిస్ట్రేషన్ గదిని కమ్లి తుడుస్తోంది. కొత్తగూడ వైపు తండా ఆమెది. ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది, దవాఖానలో మా తెలుగును మాకే తిప్పి కొడుతుంది. కాంట్రాక్టు అటెండరు. నన్ను సారు అని ఎప్పుడూ పిలవలేదు, సేటు అనే పిలిచేది.

బల్ల కింద ఒక నీలం తీగ చివర వేలాడుతోంది. చూసి ఉండలేకపోయాను.

"కమ్లక్కా, పండుగపూట తీగలు గిట్ల ఏలాడుతుంటే ఏం మంచిగుంటది?"

"ఏం జేయమంటవ్ సేటు, కత్తిరియ్యమంటవా?"

"కత్తిరియ్యకు. తుడిసినంక లోపలికి గుచ్చెయ్. పండుగపూట ఒక్క బొక్క గూడ ఖాళీ కనపడొద్దు."

"కొలువుకొచ్చి ఇన్నేండ్లాయె, నీ దుకాణం బుద్ధి పోలే," అంది, చీపురు దులుపుకుంటూ.

నేను నవ్వుకుంటూ జనగామ బస్సెక్కాను.

కొడకండ్ల దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది. ల్యాబు నుంచి.

"అన్నా, రిపోర్టు కొడ్తుంటే డాక్టరు దగ్గరికి పోతలేదు. ఓపీల టోకెను బోర్డు ఆగింది. మందుల కాడ బిల్లు వస్తలేదు."

"ఏది ముందుగాల ఆగింది?"

"ముందు లేదు ఎనక లేదు. అన్ని ఒక్కసారే."

ఒక యంత్రం ఆగితే ఆ యంత్రం తప్పు. ఒక గది ఆగితే ఆ గది తీగ తప్పు. అన్నీ ఒక్కసారి ఆగాయంటే తప్పు చేసినవాడికి ఫోను వచ్చిందని అర్థం. దిగి, ఎదురొచ్చిన బస్సు ఎక్కాను.

దవాఖానలో వరుస గేటు దాకా వచ్చింది. ల్యాబు కిటికీ దగ్గర గంగారం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కూర్చుంది. తన ముసలాయన రక్తపరీక్ష కాయితం కోసం పొద్దుటి నుంచి ఎదురుచూస్తోంది. ల్యాబు వాళ్ళు చేత్తో రాసి ఇవ్వడం మొదలుపెట్టారు కానీ ఆమె వంతు ఇంకా దూరంగా ఉంది. నన్ను చూసి అడిగింది.

"బిడ్డా, నాలుగింటి బస్సు పోతే మల్ల రేపేనాయె. జర జూడరాదు."

"చూస్తున్న అవ్వా."

స్విచ్చుల గదిలో దీపాలు చూడగానే అర్థమైంది. మామూలుగా ఆ దీపాలు ఒక్కొక్కటి తనకు తోచినప్పుడు మిణుకుమంటాయి. ఆ రోజు అన్నీ కలిసి, ఊపిరాడనంత వేగంగా కొట్టుకుంటున్నాయి. ఎక్కడో తీగ చుట్టు తిరిగింది.

చుట్టు అంటే ఏమిటో ఇక్కడే చెప్పాలి. నెట్‌వర్కులో కొన్ని కబుర్లు చాటింపు లాంటివి. ఒకరు చెబితే ఊరందరికీ పోవాలి. హమాలీ డబ్బా చాటింపు వినగానే తన ఎనిమిది రంధ్రాల్లోంచీ బయటికి అరుస్తుంది. ఒకే తీగ రెండు చివరలూ అదే డబ్బాలో ఉంటే, ఒక రంధ్రం నుంచి అరిచింది ఇంకో రంధ్రం నుంచి తిరిగి వస్తుంది. కొత్త చాటింపు అనుకుని మళ్ళీ అరుస్తుంది. అది మళ్ళీ వస్తుంది. రెప్పపాటులో దవాఖాన తీగలన్నిటి నిండా ఆ ఒక్క అరుపే. అసలు మాట పట్టడానికి చోటుండదు.

పెద్ద స్విచ్చు నుంచి ఒక్కో గది తీగ పీకుతూ వచ్చాను. తొమ్మిదో తీగ పీకగానే దీపాలు నెమ్మదించాయి. రిజిస్ట్రేషన్ గది తీగ అది.

ఆ గదిలో డబ్బా మీద బొట్టు, బొట్టు పక్కన బంతిపువ్వు. ఎనిమిది రంధ్రాలూ నిండి ఉన్నాయి. నీలం తీగ ఒక చివర మొదటి నుంచీ అందులోనే ఉందని నేను చూసుకోలేదు. వేలాడిన రెండో చివర కూడా ఇప్పుడు అందులోనే ఉంది.

కమ్లి తలుపు దగ్గర నిలబడి మురిసిపోతోంది. "జూడు సేటు, ఒక్క బొక్క ఖాళీ లేకుంట పెట్టిన."

నేను ఆ చివర పీకాను. ల్యాబు ప్రింటరు కదిలిన చప్పుడు అక్కడిదాకా వినిపించింది. ముసలమ్మ కాయితం తీసుకుని బస్టాండుకు పరుగెత్తింది. ఆమె చేరడానికి పది నిమిషాల ముందే బస్సు వెళ్ళిపోయింది. ఆ రాత్రి దవాఖాన వరండాలో పడుకుని, దసరా పొద్దున మహబూబాబాదులోనే కళ్ళు తెరిచింది.

ఎవరు పెట్టారు

పండుగ వెళ్ళాక జనగామ కార్యాలయంలో విచారణ. సుభాషిణి మేడంది భీమవరం వైపు. ఎన్నో ఏళ్ళుగా జనగామలో ఉన్నా మాటలో "అండీ" పోలేదు. నాతో పాటు కమ్లిని, ఆమెను పనికి పంపే కాంట్రాక్టరును పిలిచారు.

"ఆ వైరు ఎవరు పెట్టారండీ?"

"గీ కమ్లి మేడం," అన్నాడు కాంట్రాక్టరు. "ఇయ్యాల్నే తీసేస్త. వేరే మనిషిని పంపిస్త."

"నువ్వేనా?"

"నేనే పెట్టిన మేడం," అంది కమ్లి. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. నా వైపు చూడలేదు.

మేడంకు ఫోను వస్తే మేం బయటికి వచ్చాం. వరండాలో అడిగాను. "నేను చెప్తేనే పెట్టిన్నని ఎందుకు చెప్పలే?"

"చెప్తే నీకు కప్పిన శాలువ గుంజుకుంటరు గద సేటు," అంది. "నాదేముంది గుంజుకునేటందుకు? గీ చీపురాయె."

ఆమెకున్నది ఆ చీపురు ఒక్కటే. దాని మీద బతికే ఇల్లు ఒకటి ఉంది. నా శాలువా బీరువాలో కలరా ఉండల వాసన వేస్తోంది. లోపలికి వెళ్ళి చెప్పాను: గుచ్చమన్నది నేను, డబ్బా కొన్నది నేను, కాపలా పెట్టనిది నేను. ఆమె నా మాట తు.చ. తప్పకుండా పాటించింది.

నేను చూసిన అధికారులు రెండు రకాలు. తీగ ఎవరు పెట్టారని అడిగేవారు ఒకరు, ఒక్క తీగకే దవాఖాన ఎందుకు పడిందని అడిగేవారు ఇంకొకరు. మేడం మొదటి ప్రశ్నతో ఆ గదిలో కూర్చున్నారు. లేచేటప్పటికి రెండోది అడిగారు. అందుకే ఆమె మీద నాకు ఇప్పటికీ గౌరవం.

"అయితే మళ్ళీ ఎవరో ఒకరు పెడతారు కదండీ?"

అక్కడ నాలోని దుకాణదారు లేచాడు. "ఒక్క ఏడాది టైమియ్యిండ్రి మేడం. వచ్చే మహర్నవమికి, ఓపీ నడుస్తుండంగ, కమ్లక్క ఏ తీగనైనా ఎక్కడనైనా పెడ్తది. దవాఖాన ఆగితే ఆమె కాదు, నేను పోత."

"ఆ తర్వాతి ఉగాదికి మీరు ఎలాగూ రిటైరవుతున్నారు. మీరు పోతే నాకేంటండీ లాభం?" అన్నారు మేడం. "ఆగితే ఇద్దరూ వెళ్తారు. ల్యాబు, ఐసీయూ జోలికి వెళ్ళకూడదు. డాక్టర్ల దగ్గర కాగితాలు, పెన్నులు సిద్ధంగా ఉండాలి."

నా జీవితంలో నా బేరాన్ని నా మీదికే తిప్పిన మనిషి ఆమె ఒక్కరే. ఒప్పుకున్నాను.

"నన్ను అడుగకుంటనే నా బేరం జేసుకుంటిరి," అంది కమ్లి. "నాదొక మాట. ఏ తీగ యాడ పెడ్తనో ముందుగాల సేటుకు చెప్ప."

లెక్క

మొదటి పని లెక్కపెట్టడం. మూడు ఊళ్ళూ గదిగదీ తిరిగాను. బల్లల కింద దూరాను, బీరువాల వెనక టార్చి వేశాను. నేను కొన్నవి నలభై. దొరికినవి యాభై మూడు. పదమూడు డబ్బాలు ఎవరెవరో ఇళ్ళ నుంచి తెచ్చుకున్నారు. మీ నెట్‌వర్కులో ఎన్ని డబ్బాలున్నాయో మీకు తెలుసని అనుకుంటే, మోకాళ్ళకు దుమ్ము అంటేదాకా ఆ మాట నమ్మకండి.

భూపాలపల్లిలో బొగ్గు దుమ్ము కింద దొరికింది స్విచ్చు కూడా కాదు. ఇంట్లో వాడే వైఫై రౌటరు.

"ఇంట్ల ఊకెనే పడి ఉంటే తెచ్చిన అన్నా. బొక్కలున్నయి గద అని," అన్నాడు అక్కడి ల్యాబు తమ్ముడు.

బొక్కలున్నాయి, నిజమే. రౌటరుకు ఇంకో బుద్ధి కూడా ఉంది. కొత్త కంప్యూటరు "నా చిరునామా ఏది" అని అడగగానే తానే పెద్దనన్నట్టు ఒక చిరునామా రాసిచ్చేస్తుంది. కొన్ని రోజులుగా ఆ క్లినిక్కులో కంప్యూటర్లు అప్పుడప్పుడు దారి తప్పుతున్నాయి. నేను యంత్రాలు పాతబడ్డాయని తిట్టుకున్నాను. అవి అబద్ధపు చిరునామా పట్టుకుని తిరుగుతున్నాయి. ఆ తమ్ముడి రౌటరు అతని ఇంటికి పంపి, పెద్ద స్విచ్చుకు చెప్పాను: చిరునామాలు ఇచ్చే అధికారం ఒక్క రంధ్రానికే ఉంది, ఇంకెక్కడి నుంచి చిరునామా వచ్చినా చించి పారెయ్యి.

పదమూడు సొంత డబ్బాలూ వాటి ఇళ్ళకు పోయాయి. నా నలభైలో ఇరవై ఆరు తీసేశాను. ల్యాబు, ఐసీయూ, బిల్లింగు లాంటి చోట్ల గోడ తొలిచి తీగలు లాగించి, చిన్న మేనేజ్డ్ స్విచ్చులు పెట్టాను. డాక్టర్లు కసిరారు. వారం తర్వాత మరిచిపోయారు. ఆ రెండు నిమిషాల దారి పట్టిన రోజున ఈ వారానికే నేను భయపడ్డాను.

మిగిలిన పద్నాలుగు డబ్బాలను ఉంచాను. అన్‌మేనేజ్డ్ స్విచ్చు పాపం కాదు. దానికో హద్దు కావాలి. డబ్బాకు గోడ నుంచి ఒక్క తీగే రావాలి. డబ్బా నుంచి ఇంకో డబ్బాకు గొలుసు కట్టకూడదు. వాడని రంధ్రాలకు మూత బిగించాలి, గోడ తీగకు పసుపు పట్టీ చుట్టాలి. ఇదంతా బల్ల మీద పని. మనుషులు మరిచిపోతారు కనుక అసలు కాపలా పెద్ద స్విచ్చులో ఉండాలి. ఏ రంధ్రం అవతల హమాలీ డబ్బా ఉందో ఆ రంధ్రానికి చెప్పాను: నీ వెనక అయిదు యంత్రాలకు మించి కనబడితే కొత్తవాటిని రానివ్వకు. చాటింపులు ఇంతకు మించితే గొంతు నొక్కు. నీ అరుపు నీకే తిరిగి వస్తే తలుపు వేసుకో. ఒక్కో విభాగానికి ఒక్కో గీత గీశాను. ఒక గదిలో గోల జరిగితే పక్క విభాగానికి వినపడకూడదు. దీన్నే మా వాళ్ళు వీలాన్ అంటారు.

వేసుకున్న తలుపు తనంతట తాను ఎప్పుడు తెరుచుకోవాలో కూడా చెప్పాలి. కొన్ని సెకన్లకే తెరుచుకుంటే గోల మళ్ళీ లోపలికి వస్తుంది. ఎప్పటికీ తెరుచుకోకపోతే మీరు బస్సెక్కాలి. నేను అయిదు నిమిషాలు పెట్టాను.

మింగేసిన ఉత్తరం

ఇక్కడ నా రెండో తప్పు. ఇది మొదటిదానికంటే సిగ్గుపడవలసినది, ఎందుకంటే తెలివి వచ్చాక చేశాను.

పెద్ద స్విచ్చులు ఒకదానితో ఒకటి చిన్న ఉత్తరాలు రాసుకుంటూ ఉంటాయి. ఎక్కడైనా చుట్టు ఉందేమో కనిపెట్టడానికి ఆ ఏర్పాటు. తాను పంపిన ఉత్తరం డబ్బా వైపు నుంచి తనకే తిరిగి వస్తే చుట్టు ఉన్నట్టు, వెంటనే తలుపు వేస్తుంది. బీపీడీయూ గార్డు అంటారు దాన్ని. జనగామలో దవాఖానతో సంబంధం లేకుండా ఒక బల్ల మీద ఒక పెద్ద స్విచ్చు పెట్టి, నా అలమరలోని పాత మంచి కంపెనీ డబ్బా ఒకటి తగిలించి, తీగ రెండు చివరలూ గుచ్చాను. టక్కున తలుపు పడింది. మేడంను పిలిచి చూపించాను. నన్ను నేనే మెచ్చుకున్నాను.

తర్వాతి వారం అదే బల్ల మహబూబాబాదులో వేసి కమ్లికి చూపించాను. చూసింది. బయటికి వెళ్ళి, రిజిస్ట్రేషన్ గదిలోని డబ్బా పట్టుకొచ్చింది. దాని మీద పోయిన దసరా బొట్టు ఇంకా ఉంది.

"గిది పెట్టి సూడు."

"ఏదైతే ఏంది అక్కా, అన్నీ ఒక్కటే."

"అన్ని ఒక్కటైతే గిది మూడో మెట్టు మీద ఎందుకు అగ్గువకొచ్చె?" ఆ మెట్ల కథ నేనే వందసార్లు చెప్పుకున్నాను మరి.

పెట్టాను. తీగ గుచ్చాను. తలుపు పడలేదు. దీపాలన్నీ కలిసి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. నా చౌక డబ్బా ఆ ఉత్తరాలను ముందుకు పంపకుండా మింగేస్తోంది. ఉత్తరం తిరిగి రానిదే తలుపు పడదు. నా కాపలా నా బేరం ముందు ఓడిపోయింది.

కమ్లి నవ్వలేదు. "ఇప్పుడు తెలిసె, మంచిదాయె," అంది, అంతే.

అందుకే చెబుతున్నాను. పరీక్ష అలమరలోని వస్తువుతో చెయ్యకండి, బల్ల కింద ఉన్నదానితో చెయ్యండి. ఆ ఉత్తరాల కాపలాను అలాగే ఉంచాను, తీసెయ్యకూడదు. దానికి తోడు పెద్ద స్విచ్చులోనే చుట్టును పట్టే ఇంకో ఏర్పాటు ఉంది. అది మామూలు చాటింపు లాంటి గుర్తు కబురు పంపుతుంది. చాటింపును మింగడం ఏ డబ్బాకూ చేతకాదు, అరవడమే దాని పని. ఆ ఏర్పాటు వేసి, పద్నాలుగు డబ్బాలనూ ఒక్కొక్కటిగా తెప్పించి, అదే బల్ల మీద కమ్లి ఎదుటే పరీక్షించాను. పద్నాలుగు సార్లూ తలుపు పడింది. పద్నాలుగోదానికి ఆమె చాయ్ తెప్పించింది.

రెండో దసరా

మేడం జనగామ నుంచి పొద్దున్నే వచ్చి, ఓపీ హాలులో కుర్చీ వేసుకుని, టోకెను బోర్డుకు ఎదురుగా కూర్చున్నారు. డాక్టర్ల బల్లల మీద కాగితాలు, పెన్నులు ఉన్నాయి. నేను స్విచ్చుల గది తలుపు దగ్గర నిలబడ్డాను. బల్ల మీద పద్నాలుగు సార్లు గెలిచిన ధైర్యం నిజం వరుసను చూసేసరికి సగమైంది. ఇది ఓడితే నాకు పోయేది ఆరు నెలల జీతం. కమ్లికి పోయేది ఇల్లు నడిచే దారి.

కమ్లి ఎక్కడా కనబడలేదు. ఎప్పటిలాగే గదులు తుడుస్తోందన్నారు.

బోర్డు మీద అంకెలు మారుతున్నాయి. ల్యాబు కిటికీలోంచి కాగితాలు వస్తున్నాయి. మేడం రెండుసార్లు గడియారం చూసుకున్నారు. ఒకే డబ్బాలో రెండు చివరలూ గుచ్చుతుందని నేను సిద్ధపడ్డాను. ఆమె నాకు తెలిసింది చేసే మనిషి కాదని అప్పుడు గుర్తొచ్చింది.

చివరికి కమ్లి చేతులు కొంగుకు తుడుచుకుంటూ హాలులోకి వచ్చింది.

మేడం విసుగ్గా అన్నారు, "ఇంకెప్పుడు పెడతావమ్మా?"

"పెట్టి శానసేపాయె మేడం."

మేడం నన్ను చూశారు. నేను గదిలోకి పరుగెత్తి స్విచ్చును అడిగాను. రిజిస్ట్రేషన్ గది తలుపు వేసి ఉంది. కారణం, చుట్టు. వేసి పావుగంట దాటింది. అయిదేసి నిమిషాలకు తెరుచుకుని చూసి, గోల ఇంకా ఉందని మళ్ళీ వేసుకుంది. మూడుసార్లు.

కమ్లి వెంట వెళ్ళాం. రిజిస్ట్రేషన్‌కు, మందుల గదికి మధ్య చిన్న కిటికీ ఉంది. పొడుగాటి తీగ ఒకటి ఆ కిటికీలోంచి దూర్చి, ఈ గది డబ్బాను ఆ గది డబ్బాకు ముడేసింది. మూత బిగించిన రంధ్రాలకు చెంచాతో మూతలు పీకింది. రెండు విభాగాలకూ మధ్య నేను గీసిన గీత మీదుగా దారి వేసింది. చదువుకున్న ఇంజనీరుకు కూడా ఈ దాడి తట్టదు. గుర్తు కబురు ఒక గది నుంచి బయల్దేరి ఇంకో గదిలోంచి తిరిగి వచ్చింది, గుమాస్తా అది పసిగట్టి తలుపు వేశాడు. మందుల గదిలో బిల్లులు ఆగలేదు. రిజిస్ట్రేషన్‌లో అమ్మాయి అప్పటిదాకా పెన్నుతో రాస్తోంది, దసరా కదా నెట్ నెమ్మది అనుకుందట.

దవాఖాన ఆగలేదు. ఆగనట్టు కూడా ఎవరికీ తెలియలేదు. ఇంతకంటే పెద్ద గెలుపు ఈ వృత్తిలో లేదు. మన పని బాగుంటే ఎవరూ మన పేరు ఎత్తరు.

"ఈ తీగ నీకెట్ల తట్టిందక్కా?" అన్నాను.

"మా తండల నీళ్ళు రెండు కాల్వల మీద వస్తయి సేటు. ఒకటి మూస్తే రెండోదాన్ల నుంచి మల్లుతయి. గది యాదికొచ్చింది."

మేడం కాంట్రాక్టరును పిలిచి కమ్లిని మార్చవద్దన్నారు. దాంతో ఆగకుండా, పసుపు పట్టీల చుట్ట తీసి కమ్లి చేతికిచ్చారు. ఆ రోజు నుంచి మహబూబాబాదులో కమ్లికి చెప్పకుండా ఎవరూ తీగ గుచ్చకూడదు. డాక్టర్లతో సహా. పట్టీల పనికి కమ్లి జీతం వేరే రాయించుకుంది. ఆ బేరం ఆమే చేసుకుంది, నన్ను దూరంగా కూర్చోమని చెప్పి.

బిల్లు

ఉగాదికి నేను దిగిపోయే ముందు కూర్చుని రాసిన లెక్క ఇది.

తీసేసిన ఇరవై ఆరు డబ్బాలు, ఆరు వందల యాభై చొప్పున, పదహారు వేల తొమ్మిది వందలు. పాతసామాను వాడికి అమ్మితే వచ్చింది, ఒక్కొక్కటి నలభై చొప్పున, వెయ్యి నలభై. వాడు ముప్పై చెప్పాడు, నేను మెట్లు దిగాను. పోయింది పదిహేను వేల ఎనిమిది వందల అరవై. ఉంచిన పద్నాలుగు డబ్బాల మీద నా బేరం నిజంగా మిగిల్చింది, డబ్బాకు రెండు వందల యాభై చొప్పున, మూడు వేల అయిదు వందలు. శాలువా కప్పిన రోజు పదివేలు ఆదా అన్నారు. అక్కర్లేని వస్తువు మీద తగ్గిన ధర ఆదా కాదు, కాబట్టి ఆ పదివేలు కొట్టేశాను. కొత్త తీగల ఖర్చు, చిన్న మేనేజ్డ్ స్విచ్చుల ఖర్చు ఇందులో వెయ్యలేదు. అవి మొదటి రోజే పెట్టవలసినవి.

శాలువా ఒకటి, సభ రోజు తర్వాత మడత విప్పనిది, సంస్థకు వాపసు.

గంగారం ముసలమ్మది ఒక రాత్రి, ఒక పండుగ పొద్దు. వీటి పక్కన అంకె వెయ్యడం నాకు చేతకాలేదు. ఆ గడి ఖాళీగా ఉంది. మా నాయిన చూస్తే ఊరుకోడు, అయినా అలాగే వదిలేశాను.

నా వల్ల సంస్థకు పోయింది, పన్నెండు వేల మూడు వందల అరవై రూపాయలు. మేడం వద్దన్నారు. నేను బల్ల మీద పెట్టి రసీదు తీసుకున్నాను. నా వయసు మొత్తంలో బేరమాడకుండా కట్టిన బిల్లు అదొక్కటే.